మూడో బంగళా దుప్పటి

మా బడి గేటుకు ఎదురుగానే గంగులమ్మ ఇస్త్రీ బండి. నేను కుప్పంలో సోషల్ టీచరుగా చేరి ఎనిమిదేళ్ళయింది. ఈ ఎనిమిదేళ్ళూ నా చీరలన్నీ ఆమె చేతి మీదుగానే వచ్చాయి. అయినా ఆమెతో నేను మాట్లాడింది రెండే మాటలు. ఒకటి "ఎప్పుడిస్తావు", రెండోది "ఇంకా కాలేదా". నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకంటే గంగులమ్మకే బాగా తెలుసు.

ఆమె మనవరాలు భవ్య మా తొమ్మిదో తరగతి పిల్ల. పోయిన నవంబరులో మదనపల్లెలో బడిపిల్లలకు చరిత్ర ప్రదర్శన పెట్టారు. ఒక్కో బడి నుంచి ఒక్క ప్రాజెక్టే పోవాలి. భవ్య ఎంచుకున్నది దొరల కాలం నాటి రైలు బంగళాలు, వాటిలో రోజువారీ బతుకు. మా స్టేషను అవతల ఒకప్పుడు నాలుగు బంగళాలు ఉండేవట. ఇప్పుడు రెండింటి పునాదులు, ఒక వంటింటి పొగగొట్టం, తుమ్మచెట్ల నడుమ చిన్న సమాధుల దొడ్డి మిగిలాయి. ఆ పిల్ల ముళ్ళల్లో దూరి దొడ్డంతా తిరిగింది. ఒక విరిగిన రాతి మీద 1936 అనీ, వయసు నాలుగేళ్ళనీ ఉంటే రాసుకొచ్చింది. పేరున్న ముక్క యాడా కనిపించలేదంది. ఆ నోటుబుక్కు చూశాక నాకు కాలు నిలవలేదు. ఎవరి బిడ్డ, ఏ ఇంటి బిడ్డ అని వారం రోజులు స్టాఫ్ రూములో అందరి బుర్రా తిన్నాను.

అయితే ప్రదర్శనకు ఒక నియమం ఉంది. ఆ కాలపు వస్తువు ఒక్కటైనా తెచ్చి, అది ఏం చెబుతోందో న్యాయనిర్ణేతకు ఒప్పించాలి. లేకపోతే ప్రాజెక్టును లెక్కలోకి తీసుకోరు. మా దగ్గర ఏ వస్తువూ లేదు. పునాది రాయిని బస్సులో ఎత్తుకుపోలేం కదా.

"మేడమ్, మా అవ్వ ట్రంకులో దొరసాని ఇచ్చిన దుప్పటొకటి ఉండాది" అంది భవ్య ఒకరోజు, తల ఎత్తకుండా.

నేను చాక్‌పీసు అక్కడే పడేసి గేటు బయటికి పరిగెత్తాను. గంగులమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. చీర కోసం రాలేదని తెలిశాక నోరు విప్పింది.

"మా అవ్వ పాపమ్మ నాలుగు బంగళాల బట్టలూ ఉతికేది మేడమ్. అన్నీ ఒకే బానలో ఉడకబెడతారు గదా, కలిసిపోకుండా ఇంటికొక గుర్తు. నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో గుడ్డ మూల పెట్టి, పైన సున్నం రాస్తారు. గుడ్డ సినిగిపోతాదే గాని గుర్తు పోదు. గీత కింద ఒక సుక్క పెడితే మొదటి బంగళా, రెండు పెడితే రెండోది. అట్లా."

"నీకెలా తెలుసు ఇదంతా?"

"నేనూ పెట్టినా గదా. దొరలు పోయినాక మనోళ్ళు ఆ బంగళాల్లో ఉండిరి. నాకు పదేళ్ళప్పుడు మా అవ్వ నేర్పించింది. సూడండి, ఏలికి మచ్చ ఇంకా ఉండాది, ఆ రసం బొబ్బలెక్కిస్తాది."

ఆ తర్వాత మూడు సాయంత్రాలు నేనూ భవ్యా ఆ బండి పక్కనే కూర్చున్నాం. రెండో బంగళా దొర రోజుకు మూడు చొక్కాలు మార్చేవాడట, ఇంజను మసికి. నాలుగో బంగళా నుంచి ఎండాకాలం మొత్తం ఒక్క మగవాడి బట్టలే వచ్చేవట, దొరసాని ఊటీకి పోయేది కాబట్టి. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరింటికి చుట్టాలొచ్చారో, అన్నీ మూటలోనే తెలిసేవి. నేను ఎమ్మే చరిత్ర చదివాను. ఇంత చరిత్ర మా బడి గేటు ముందు బొగ్గులు విసురుకుంటూ నిలబడిందని మాత్రం నాకు తెలియలేదు. సిగ్గేసింది, అంతకు రెట్టింపు సంతోషమేసింది.

దుప్పటి చిన్నది. పసుపుపచ్చగా మారిపోయింది. ఒక మూల అరచేయంత గోధుమ రంగు మరక, దాని అంచులో గీత, గీత కింద మూడు చుక్కలు. మూడో బంగళాది. మరక చూడగానే నేను తేల్చేశాను, అది దొరగారి టీ అని. దొరల దినచర్యకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చార్టు మీద పెద్ద అక్షరాలతో 'దొరగారి టీ మరక' అని భవ్యతో రాయించింది నేనే. దుప్పటిని ఎవరూ ముట్టుకోవద్దని కూడా గట్టిగా చెప్పాను.

ప్రదర్శన రోజు తెల్లవారగానే నేను, భవ్య, గంగులమ్మ ముగ్గురం మదనపల్లె బస్సెక్కాం. వి.కోట, పలమనేరు దాటి పుంగనూరు బస్టాండులో బస్సు కాసేపు ఆగింది. టీ తాగుతూ, ఒకసారి దుప్పటి చూద్దామని గంగులమ్మ ఒళ్ళోని సంచి తీసుకున్నాను.

లోపల మల్లెపువ్వులాంటి తెల్లటి గుడ్డ. కత్తి అంచులాంటి మడతలు. మరక లేదు.

"ఉతికేశావా?" అన్నాను. బస్టాండంతా తిరిగి చూసింది.

"ఉతక్కుండా ఎట్లా తెచ్చేది మేడమ్? మాసిన గుడ్డ నలుగుర్లో పరిస్తే మాకు మర్యాదా? సోడా గీడా ఏం పెట్టలేదు. చౌడు మట్టి నీళ్ళలో ముంచి, మా అవ్వ మాదిరే ఆవిరికి ఉబ్బేసినా. గుడ్డ బలంగానే ఉండాది."

"ఆ మరకే గదమ్మా సాక్ష్యం. చార్టు నిండా అదే రాసుకున్నాం. ఇప్పుడు ఏం చూపించాలి వాళ్ళకు, నీ ఇస్త్రీనా?"

భవ్య మొహం చిన్నబోయింది. కళ్ళలో నీళ్ళు. గంగులమ్మ మాత్రం నన్ను జాలిగా చూసింది.

"దొర టీ గాదు మేడమ్ అది. మా అత్త ఆముదం సీసా ఒలికింది. ఆ పొద్దు మీరు అంత సంబరంగా చెప్తాంటే మద్దిలో యాల అడ్డం పడేదని ఊరుకున్నా."

ఆ మరక ఉండి ఉంటే, మదనపల్లెలో పదిమంది ముందు ఆముదాన్ని టీ అని చెప్పి వచ్చేదాన్ని.

"మరక పోయినా గుర్తు పోదు, సూడండి" అని గంగులమ్మ మూల తిప్పి చూపించబోయి ఆగిపోయింది. గుడ్డను వెలుగులోకి పట్టుకుంది. గీత, మూడు చుక్కలు సరే. వాటి పక్కన, ఇన్నేళ్ళూ ఆముదం కింద దాగినవి, రెండు చిన్న గుణకారం గుర్తులు. మొదటిదాని చుట్టూ సున్నా ఉంది. రెండోదాని చుట్టూ లేదు.

"ఇంట్లో జరమొస్తే ఆ గుడ్డకు ఈ గుర్తు పెడతారు" అంది నెమ్మదిగా. "ఏరేగా ఉడకబెట్టాల గదా, ఇంకో ఇంటికి అంటకుండా. జరం తగ్గినాక సుట్టూ సున్నా సుడతారు. అప్పుడు మళ్ళీ అందరి బట్టల్లో కలుపుతారు."

భవ్య చటుక్కున నోటుబుక్కు తీసింది. విరిగిన రాయి ఉన్న పేజీ తెరిచి దుప్పటి పక్కన పెట్టింది. చిన్న దుప్పటి. నాలుగేళ్ళ బిడ్డకు సరిపోయేంత. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కండక్టరు కేకేసేదాకా బస్సు కదలబోతోందని మాకెవరికీ తెలియలేదు. మదనపల్లె చేరేలోపు భవ్య చార్టు మీద టీ మరక అన్న మాటను కాగితం అంటించి కప్పేసి, దాని మీద గుర్తులు గీసింది.

న్యాయనిర్ణేత రాజేశ్వరమ్మగారు, రిటైరైన చరిత్ర లెక్చరరు. ఆమె దుప్పటిని భూతద్దంతో చూశారు. భవ్యను గుచ్చి గుచ్చి అడిగారు. తర్వాత గంగులమ్మ వైపు తిరిగారు.

"రెండోదానికి సున్నా వేయడం మరిచిపోయి ఉండొచ్చు కదమ్మా?"

"మా అవ్వ మరవదమ్మా" అంది గంగులమ్మ. "సున్నా సుట్టాలని కాసుకోని ఉంటాది. సుట్టే పని రాలేదు. అందుకే ఆ దొరసాని దుప్పటి ఇంట్లో పెట్టుకోలేక మా అవ్వకిచ్చేసింది. బహుమానమని మా ఇంట్లో ఇన్నాళ్ళూ సంబరంగా చెప్పుకుంటిమి."

రాజేశ్వరమ్మగారు దుప్పటిని మడత పెట్టి గంగులమ్మ చేతికిచ్చారు. చివరికి భవ్యతో, "ఆ రాయి ఈ బిడ్డదే అని రాయకు. అయి ఉండవచ్చు అని రాయి. మిగతా ఒక్క అక్షరం కూడా మార్చొద్దు" అన్నారు. తర్వాతి దశకు మా ప్రాజెక్టును పంపుతున్నట్టు సాయంత్రం ప్రకటించారు. నేను చప్పట్లు కొట్టి కొట్టి చేతులు ఎర్రగా చేసుకున్నాను.

మర్నాడు బడికి సెలవు. ఇస్త్రీ బండి మూసి ఉంది. భవ్య వచ్చి నన్ను స్టేషను అవతలికి పిలుచుకుపోయింది. తుమ్మచెట్ల నడుమ గంగులమ్మ గొంతుక్కూర్చుని, బిందెలో నీళ్ళు, కొబ్బరి పీచు పెట్టుకుని, ఆ విరిగిన రాయిని రుద్దుతోంది.

"యాల గంగులమ్మా, ఇంత ఎండలో?" అన్నాను. ఆమె మాట నా నోట వచ్చినందుకు భవ్య నవ్వింది.

గంగులమ్మ తలెత్తకుండానే చెప్పింది. "మూడో బంగళా పని మాదే గదా మేడమ్."