వామి వేసే దొడ్లో శిల్పవనం

ఆ రోజుల్లో బందరులో ఏ సభ జరిగినా దేవుణ్ణీ విగ్రహారాధననూ చీల్చి చెండాడే పని నాది. కోడూరు పక్క పల్లెనుంచి నా పాత శిష్యుడొకడు వచ్చి, "మాస్టారూ, దేవుడి వాసన లేని విగ్రహాలు చేశాను, చూద్దురుగాని రండి" అనగానే ఎగిరి బస్సెక్కాను.

అతను మద్రాసులో శిల్పం చదివి వచ్చినవాడు. ఇంటివెనక దొడ్లో సిమెంటు శిల్పాలు నిలబెట్టి శిల్పవనం అని పేరు పెట్టాడు. చిక్కేమిటంటే, ఏటా గడ్డివామి వేసేది ఆ దొడ్లోనే. దివిసీమలో మెరక నేల దొరకడం కష్టం. పల్లంలో వామి వేస్తే అడుగునుంచి కుళ్ళిపోతుంది, పశువులు పస్తుంటాయి. కోతలు దగ్గరపడ్డాయి. "ఇవేంటో చదువుకున్నోడెవడన్నా నాకు తెలిసేట్టు చెబితే ఉంచుతా. లేదంటే పగలగొట్టి కాలవగట్టుకి వేస్తా" అన్నాడట తండ్రి. ఈ సంగతి శిష్యుడు అవనిగడ్డ దాటాక గాని చెప్పలేదు.

"అదెంత పని!" అన్నాను.

తండ్రి ఆ ఊరి చర్చిలో సంఘపెద్ద. మజ్జిగ ఇచ్చి మర్యాదగా మొదటి శిల్పం దగ్గరకు తీసుకెళ్ళాడు. నిలువెత్తు ముద్ద, మధ్యలో పెద్ద బెజ్జం. బెజ్జంలో కోడి పడుకుని ఉంది.

"ఇదేంటండీ?"

"తల్లీ బిడ్డా" అన్నాను. బస్సులో విన్నదే.

"తల్లి తలకాయేదండీ?"

"ఉన్నట్టు మనం భావించుకోవాలి."

"మరి బిడ్డ?"

"ఆ ఖాళీయే బిడ్డ. కంటితో కాదు, మనసుతో చూడాలి."

ఆయన మొహం వెలిగిపోయింది. "కనపడంది ఉన్నట్టు భావించుకోవాలి, మనసుతో చూడాలి! మా పాస్టరుగారు ఈ మాటే అంటే, చూపిస్తేనే నమ్ముతానని సభలో ఆయన్ని ఉతికేశారంట గదండీ?"

"అది మతం, ఇది కళ. ఇక్కడ ఎవరూ మొక్కమనరు."

"చెప్పులెందుకిప్పారండీ?"

కిందికి చూసుకున్నాను. గరిక నలుగుతుందని శిష్యుడంటే, నిజంగానే కంచె దగ్గర విడిచి వచ్చాను.

"ముట్టుకోనివ్వడు కూడానండీ మావోడు! గుడి గుమ్మం తొక్కనీలేదనే గదా మా తాతలు చర్చికెళ్ళింది. ఇప్పుడు నా దొడ్లో నన్నే ముట్టుకోవద్దంటాడు."

"సిమెంటు ఆరలేదు నాన్నా!" అన్నాడు శిష్యుడు ఏడుపు గొంతుతో.

పొద్దు వాలేదాకా ప్రతి శిల్పం దగ్గరా నన్ను ఇలాగే నిలబెట్టి అడిగాడు. నేను సభల్లో వాడే ప్రశ్నలన్నీ ఆయన నోట విన్నాను. నేను చెప్పిన జవాబులన్నీ పురోహితులు చెప్పేవే. చివరికి చేతులెత్తేసి, "చెప్పడం నాకు చేతకాలేదండీ. అందుకని వీటిని పగలగొట్టకండి" అన్నాను.

"పగలగొట్టడమా? భలేవారే! ఇన్నేళ్ళుగా ఆదివారం పూట నోరు మూసుకుని వినడమేగాని, ఎదురడిగే వీలు నాకెక్కడ దొరికిందండీ? ఉండనివ్వండి. వామి చర్చి వెనక మెరకలో వేసుకుంటా, పాస్టరుగారు కాదనరు. మీలాంటోళ్ళు ఇంకా ఉంటే పంపండి."

గుడివాడలో నాకంటే నోరున్న హేతువాది మిత్రుడొకాయన ఉండేవాడు. ఏమీ చెప్పకుండా ఆయన్ని పంపాను. తిరిగొచ్చాక చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.