బొడ్డుతాడులోకి సూది

మా తోటికోడలిని ఇంట్లో అందరూ గడబిడ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, అందుకు నాకేమీ బాధ లేదు. బట్టలు కుడుతుంది. కాళ్ళు మిషను తొక్కుతుంటే నోరు వీధినంతా పలకరిస్తూ ఉంటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం ఊపిరి బిగబడుతుంది. ఆ కాసేపే మా చెవులకు విశ్రాంతి.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ నోరు మూతపడింది. తనది నెగటివ్ రక్తం, లోపలి బిడ్డది పాజిటివ్. తల్లి ఒంట్లో పుట్టిన విరుగుడే బిడ్డ రక్తాన్ని తినేస్తోందట. స్కానింగులో బిడ్డ గుండె అప్పటికే అలసిపోతున్నట్టు కనిపించింది.

"పుట్టేదాకా ఆగితే దక్కదమ్మా. కడుపులో ఉండగానే రక్తం ఎక్కించాలి," అంది డాక్టరమ్మ.

"నా వల్లేనా అక్కా?" అని గడబిడ దారి పొడుగునా అడిగింది.

"నీ మొహం! నువ్వేమైనా కావాలని చేశావా?" అని కసిరాను. కసరకపోతే నాకే ఏడుపొచ్చేది.

రక్తం ఎక్కించే రోజు నన్నూ లోపలికి రానిచ్చారు. బిడ్డ కదలకుండా ముందు మందు ఇచ్చారు. డాక్టరమ్మ స్కానింగు తెర చూస్తూ, పొట్ట మీంచి సన్నటి పొడవాటి సూదిని బొడ్డుతాడులోని రక్తనాళం వైపు నడిపింది. గడబిడ కూడా తెరనే చూస్తోంది. సూది మొన నాళం దగ్గరకు రాగానే అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టేసింది. మొహం కందిపోయింది.

"ఊపిరి తీసుకోవేం తల్లీ?"

"బట్టలు కుడుతుందండీ. సూది కనిపిస్తే అంతే," అన్నాను నేను.

డాక్టరమ్మ చెయ్యి కదలనివ్వకుండా నవ్వింది. "ఎక్కేసిందిలే, ఇక వదులు."

ముక్కూ మొహం తెలియని ఎవరో ఇచ్చిన రక్తం, చిన్న గ్లాసెడు కూడా లేదు, మెల్లమెల్లగా లోపలికి వెళ్ళింది. పుట్టేలోపు ఇంకా కొన్నిసార్లు ఎక్కించాలన్నారు. ముందు ఇది గట్టెక్కాలి.

అసలు కష్టం ఆ తర్వాతే. మందు ప్రభావం తగ్గేదాకా బిడ్డ కదలదని చెప్పారు. చెప్పారు సరే, మనసు వింటుందా? గడబిడ పొట్ట మీద చెయ్యేసుకుని గోడ వైపు చూస్తూ పడుకుంది. మా మరిది గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఒకచోట కూర్చోవయ్యా!" అని అరిచాను. నర్సు వచ్చి చూసి, గుండె బాగానే కొట్టుకుంటోందని చెప్పి వెళ్ళింది.

"కదలనీ అక్కా, అప్పుడు నమ్ముతా," అంది గడబిడ.

కిటికీలోంచి ఎండ మంచం దాకా పాకింది. ఉన్నట్టుండి గడబిడ "అమ్మా!" అని మెలితిరిగింది.

"ఏమైందే?"

"డొక్కలో తన్నిందక్కా! ఎంత గట్టిగా తన్నిందో!"

నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. రెండో తన్ను నా అరచేతికి తగిలింది. నేను భోరుమన్నాను.

"తన్ను నా బంగారం," అన్నాను. "మీ అమ్మ చాలనేదాకా తన్ను."