స్వెట్టర్ వేసుకుని చూసిన క్వారంటైన్ బంగళా

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటి పాపకి అమ్మవారు తగ్గి, వేపాకూ పసుపూ వేసి ఎండలో పెట్టిన నీళ్ళతో స్నానం చేయిస్తుంటే, ఆ పచ్చి చేదు వాసన నన్ను తిన్నగా తీసుకెళ్ళి అయిదో తరగతి వేసవి సెలవుల్లో పడేసింది. నాకూ అప్పుడే అమ్మవారు పోసి తగ్గింది. ఇంట్లో తల్లి ఉందని అన్నాళ్ళూ తాలింపు వెయ్యలేదు. నా స్నానమయ్యాక అమ్మ మామిడికాయ పప్పుకి ఇంగువ తాలింపు పెడితే, ఆ ఘుమఘుమకే సగం బలం వచ్చింది.

ఆ వారంలోనే నాయనమ్మకి, కోరంగి అవతల ఏటి ఒడ్డున ఉన్న పాత క్వారంటైన్ బంగళా చూడాలని బుద్ధి పుట్టింది. రంగూన్‌ని ఆవిడ రంగం అనేది. చిన్నప్పుడు రంగం నుంచి వస్తుంటే ఓడలో ఎవరికో మసూచి సోకిందని, దిగినవాళ్ళని అక్కడ ఆపారట. "ఓసారి చూపించరా" అని చిన్నాన్న వెంటపడింది. నన్ను ఏడిపించకపోతే చిన్నాన్నకి తిన్నది అరగదు. "మచ్చలున్నోళ్ళని అక్కడే ఉంచేస్తారే, నిన్ను వదిలేసి వచ్చేస్తాం" అన్నాడు. నేను నమ్మేశాను. రోహిణి కార్తె ఎండలో, పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని బయల్దేరాను.

యానాం బస్సులో కోరంగి దిగి, అక్కణ్ణించి పడవ. మడ చెట్ల మధ్య ఉప్పుగాలి, బురద వాసన, చెమటకి ఒళ్ళంతా దురద. పడవాయన నాకేసి చూస్తే చాలు, నాయనమ్మ వెనక్కి జరిగేదాన్ని. బంగళా అంటే మేడేదో అనుకున్నాను గానీ, పైకప్పు సగం కూలిన పొడుగాటి షెడ్డు, తుప్పు పట్టిన కిటికీ ఊచలు, లోపల మేకలు. కాపలా మనిషైనా లేడు. అయినా గుమ్మం దగ్గరే నాయనమ్మ కొంగు పట్టుకుని ఆగిపోయాను.

"నన్నిక్కడ వదిలెయ్యకు నాయనమ్మా" అని ఏడ్చేశాను.

ఆవిడ సంగతి రాబట్టి, చిన్నాన్నని చెడామడా తిట్టి, నా స్వెట్టర్ విప్పించింది.

"పిచ్చిమొహమా! మచ్చలున్నోళ్ళనే ముందు పంపేసేవారే. ఓసారి వచ్చి తగ్గినోళ్ళకి మసూచి మళ్ళీ రాదు కదా. మా అమ్మ మొహం నిండా ఆ మచ్చలే. డాక్టరు గారు చూసి వెళ్ళిపొమ్మన్నారు. మచ్చల్లేని నన్ను ఉంచేశారు."

"మరి మీ అమ్మ వెళ్ళిపోయిందా?"

"ఎక్కడికెళ్తుందే? నన్ను పంపేదాకా ఈ గుమ్మం బయటే కూర్చుంది."

హమ్మయ్య అనుకున్నాను. చేతులకి గాలి తగిలింది. వాళ్ళమ్మ కూర్చున్న చోటే నాయనమ్మ చతికిలబడి, తెచ్చిన పులిహోర మాకు పెట్టింది. తిరుగు ప్రయాణంలో నేను పడవాయనకి చేతులు చాపి, ఒక్కో మచ్చా చూపించి మరీ కబుర్లు చెప్పాను.

కిందటేడు యానాంలో పెళ్ళికి వెళ్ళి, పడవ మాట్లాడుకుని మళ్ళీ వెళ్ళాను. నాయనమ్మ లేదు. రంగం అనేవాళ్ళూ లేరు. పడవాయన ఇంజను ఆపి, మడ చెట్లు తప్ప ఏమీ లేని ఒడ్డు చూపించాడు.

"అదెప్పుడో ఏట్లో కలిసిపోయిందండి" అన్నాడు, తన తప్పేదో ఉన్నట్టు.

బాధపడాలి కాబోలు. నిజం చెప్పాలంటే, నా ప్రాణం తేలికపడింది. ఒక తల్లి తన బిడ్డ కోసం బయట పడిగాపులు పడిన ఆ గుమ్మం ఇక లేదు.