ముందు నడిచేవాడు

మోకాలి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఆ చిన్న కొండ ఎక్కగలనని నేను అనుకోలేదు. బెంగళూరు మారతహళ్ళి నుంచి ఆదివారాలు కొండలెక్కడానికి వెళ్ళే మా బృందంలో అందరికన్నా పెద్దవాణ్ని నేనే. కొండకు రెండు దారులు. మెట్లదారి దగ్గర, కానీ మోకాళ్ళకు శిక్ష. అడవిలోంచి మేకలు తిరిగే దారి చుట్టు, కానీ నేల మెత్తన.

తరాలుగా బెంగళూరులోనే ఉన్న మా పొరుగాయన తేల్చేశాడు. "మెట్లొద్దప్పా, అడివి దారి ఉండాది గదా. నువ్వు ముందు నడువు."

అది మా పద్ధతి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలి, అతన్ని ఎవరూ దాటకూడదు.

నీలగిరి చెట్ల మధ్య నేను ఆగినప్పుడల్లా వెనక సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళూ ఆగారు.

"అంకుల్, రింగ్ రోడ్ ట్రాఫిక్ ఇక్కడికీ తెచ్చేశారు!"

"హారన్ కొట్టకురా, ముందు సీనియర్ సిటిజన్!"

సగం దారిలోనే తెల్లారిపోయింది. పైనుంచి సూర్యోదయం చూడాలనే కదా వాళ్ళంతా అంత పెందలాడే లేచారు. "నన్ను దాటి వెళ్ళండయ్యా" అన్నాను.

"సూర్యుడు రేపూ వస్తాడప్పా, నడువు" అన్నాడు పొరుగాయన.

చివరి బండ మీద మొదటి కాలు నాదే. వెనక్కి తిరిగితే, పరుగున ఎక్కగలిగిన వాళ్ళంతా నా వెనకే వరసగా ఉన్నారు. కృతజ్ఞతలు చెప్పబోయాను.

"ముందు జరగండి అంకుల్, మాకూ నిలబడే చోటివ్వండి" అన్నారు.