నాలుగో బల్ల మీది అయస్కాంతం

ఆయన బడి సైన్సు గదికి అటెండరు. తాళాలు తీయడం, సీసాలు కడగడం, గంట కొట్టడం ఆయన పని. ప్రాణం మాత్రం పాఠాల మీద. తలుపు పక్కన నిలబడి ఒకే సీసాను అరగంట తుడుస్తూ చెవులు రిక్కించి వినేవాడు. చిక్కల్లా చివరి ఐదు నిమిషాలతోనే. పాఠం అసలు సంగతికి వచ్చేసరికి గంట కొట్టడానికి వరండా చివరికి పరుగెత్తాలి. అలా ముప్ఫై ఏళ్లలో ఆయనకు సైన్సంతా వచ్చింది, చివర్లు తప్ప. పిల్లలు 'సగం సారు' అని పేరు పెట్టారు. సగమైనా సారే కదా అని ఆయన మురిసిపోయాడు.

అన్నిట్లోకీ ఆయనకు అయస్కాంతాల పిచ్చి. ఒక కొన ఎరుపు, ఒక కొన తెలుపు పూసిన ఉక్కు బద్దలవి. దారంతో వేలాడదీసి ఎంత తిప్పి వదిలినా, ఊగీ ఊగీ ఎర్ర కొన ఉత్తరపు కిటికీ వైపే ఆగేది. రెండు ఎర్ర కొనల్ని దగ్గరికి తెస్తే ఎడమొహం పెడమొహం. ఎరుపుకు తెలుపు చూపిస్తే టక్కున అతుక్కునేవి. మధ్యలో ఏమీ లేదే, మరి తోసేదేమిటి? వేలు పెట్టి చూశాడు, కాగితం అడ్డుపెట్టి చూశాడు. వేలికేమీ తగల్లేదు, తోపుడూ ఆగలేదు. "ఇంట్లో కారే కుళాయి మీద ఈ ధ్యాస సగం పెట్టినా బాగుండు," అనేది భార్య.

ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. మార్కులు వేయడానికి వేరే బడి నుంచి మేడమ్ వచ్చింది. నాలుగో బల్ల దగ్గర పరీక్ష చేసిన ఒక పిల్ల, ఎర్ర కొనలు రెండూ అతుక్కున్నాయని, ఎరుపూ తెలుపూ తోసుకున్నాయని రాసింది.

"పుస్తకం తెరిచిన పాపాన పోయావా?" అంది మేడమ్.

"చూసిందే రాశాను మేడమ్."

మేడమ్ సున్నా చుట్టి తర్వాతి వాళ్లను పిలిచింది. ప్రాక్టికల్ తప్పితే మళ్లీ అదే తరగతి. పిల్ల ఏడవలేదు గానీ, వెళ్లి వరండా మెట్ల మీద కూలబడింది. తెలివైన పిల్ల తికమకపడిందే అని సగం సారు నొచ్చుకున్నాడు.

సాయంత్రం సామాను సర్దుతున్నాడు. అయస్కాంతాలను ఆయన ఎప్పుడూ జంటలుగా, ఒకదాని ఎరుపు పక్కన రెండోదాని తెలుపు వచ్చేలా పెట్టెలో పడుకోబెడతాడు. అప్పుడే బలం తగ్గకుండా ఉంటాయి. నాలుగో బల్ల జంట పడుకోలేదు. పెట్టినకొద్దీ పక్కకు జారిపోయాయి. ఒక్కోదాన్నీ దారానికి కట్టి వదిలాడు. మొదటిది బుద్ధిగా కిటికీ వైపు చూసింది. రెండోది కిటికీకి వీపు పెట్టింది.

కిందటి శనివారం బలం తగ్గిందని దాన్ని రుద్దింది తనే. గట్టి అయస్కాంతం ఎర్ర కొనతో, తెల్ల చివర నుంచి ఎర్ర చివరకు వంద సార్లు. ఎరుపుతో రుద్దితే ఎరుపే వస్తుందనుకున్నాడు. రుద్దే పాఠం విన్నాడు. ఏ కొన ఏమవుతుందో చెప్పే వేళకు గంట దగ్గరున్నాడు.

వెంటనే ఒక స్వెటర్ అల్లే ఉక్కు సూది తీసి, అలాగే రుద్ది చూశాడు. దారంతో వేలాడదీస్తే, రుద్దుడు ఆగిన కొన కిటికీకి ఎదురు దిక్కున ఆగింది. అంటే ఎర్ర కొన వదిలిన చోట ఎరుపు కాదు, దాని విరుద్ధం మిగులుతుందన్నమాట. ఒక్క క్షణం భయం కూడా మరిచిపోయి ముచ్చటపడ్డాడు. తర్వాత మెట్ల మీది పిల్ల గుర్తొచ్చింది.

ఉద్యోగం ఇంకా రెండేళ్లుంది. పరీక్ష సామాను పాడుచేశాడంటే అదీ ఉండదు. తిరగేసి రుద్దితే కాకికి కూడా తెలియదు. ఆయన చేయి గట్టి అయస్కాంతం దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. జంటను గుడ్డలో చుట్టుకుని, మేడమ్ మార్కుల కవరు అంటిస్తుండగా వెళ్లి బల్ల మీద పెట్టాడు.

"ఆ పిల్ల తప్పు రాయలేదు మేడమ్. తప్పు చేసింది నేను."

మేడమ్ ఎర్ర కొనలను కలిపింది. అతుక్కున్నాయి. విడదీసి మళ్లీ కలిపింది. సున్నా కొట్టేసి నిండు మార్కులు వేసింది. తర్వాత ఏదో తోచి, నాలుగో బల్ల కాగితాలన్నీ బయటికి లాగింది. అదే జంటతో ఆరుగురు పరీక్ష చేశారు. ఐదుగురు ఎర్ర కొనలు తోసుకున్నాయని రాశారు. ఐదుగురికీ నిండు మార్కులు తన చేత్తోనే వేసింది.

"మీ సంగతి హెడ్మాస్టరు గారికి చెప్పక తప్పదు," అంది మేడమ్. గొంతులో కోపం లేదు. "ముందు ఈ ఐదుగురి సంగతి తేల్చాలి. ఆ అమ్మాయిని పిలవండి."

పిల్ల ఇంకా మెట్ల మీదే ఉంది. సగం సారు పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాడు.

"పుస్తకంలో ఏముందో నీకు తెలుసు కదమ్మా. అలా రాయడానికి భయం వేయలేదా?"

"వేసింది బాబాయ్. అందుకే నాలుగు సార్లు చూశాను. నాలుగు సార్లూ అతుక్కున్నాయి."