ఆరు సంగటి ముద్దలు

హనుమక్కకు కస్టర్డ్ అంటే భయం. తేళ్ళను చెప్పుతో కొట్టి పారేసే పిల్ల, కదిరి బస్సులో కండక్టరుతో కలబడి సీటు సంపాదించుకునే పిల్ల, ఆ పసుపుపచ్చ పదార్థం ముందు మాత్రం బిక్కచచ్చిపోయేది. 1978లో అనంతపురం ఆడపిల్లల కాలేజీలో, గృహవిజ్ఞానం మొదటి సంవత్సరంలో, ఆమె చేసిన కస్టర్డ్ విరిగింది. తర్వాత కేకు మాడింది. రెండు ప్రాక్టికల్సూ కలిపి ఇరవైకి నాలుగు మార్కులు.

మూడో ప్రాక్టికల్‌తో మొత్తం ముప్పై. పాసవ్వాలంటే పన్నెండు కావాలి. అంటే ఈసారి పదికి ఎనిమిది రావాలి. రాకపోతే ఏడాది పోతుంది, దానితోపాటు హాస్టల్ సీటూ పోతుంది. సీటు పోతే రేకుపెట్టె నెత్తిన పెట్టుకొని తనకల్లు దగ్గరి పల్లెకు, అమ్మానాయనలతో పాటు శెనక్కాయ చేలల్లో కూలికి.

ఆ శనివారం మేడమ్ పాఠ్యపుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆమె బందరు నుంచి కొత్తగా వచ్చిన లెక్చరర్.

"ఓవెన్ ఉన్న ఇల్లు ఈ జిల్లాలో ఎన్ని ఉంటాయర్రా? కేకులు నేర్చుకుని రేపు పల్లెల్లో ఎవరికి చెబుతారు? ఈ రోజు రాగి సంగటి. ఆరుగురున్న ఇంటికి సరిపడా వండాలి. వండినందుకు నాలుగు మార్కులు, సమానంగా పంచినందుకు మూడు. మీ వాటా మీరే మొత్తం తిని, ఎలా ఉందో రికార్డులో రాసినందుకు మూడు."

హనుమక్క చెవులను నమ్మలేకపోయింది. పక్క స్టవ్ దగ్గరున్న కదిరమ్మ మోచేత్తో పొడిచింది. కదిరమ్మ ధర్మవరం పట్టుచీరల వ్యాపారి కూతురు.

"ఏమ్మే, నీ పంట పండిందిలే! నాకు కూడా రవ్వంత చూపీమే."

"కస్టర్డ్ నాడు నన్ను చూసి నవ్వితివి కదా? ఈ పొద్దు నువ్వు ఏడువు."

అంటూనే హనుమక్క ఆమె గిన్నెలో నీళ్ళెన్ని పోయాలో చూపించింది. తన గిన్నెలో నూకలు మెత్తబడ్డాక రాగిపిండి కుప్పగా పోసి మూతపెట్టింది. ఉడికాక గిన్నెను నేల మీదికి దించింది.

"బల్ల మీద చెయ్యొచ్చుగా?" అన్నారు మేడమ్.

"బల్ల మింద యాడ గెలికేది మేడమ్? నడుం బలమంతా తెడ్డు మిందికి రావల్ల."

గోనెపట్ట చుట్టి, రెండు పాదాలతో గిన్నెను అదిమిపట్టి, తెడ్డుతో గెలికింది. ఒక్క ఉండ కట్టలేదు. కదిరమ్మ సంగటిలో మాత్రం గోలీలాడుకునేటన్ని ఉండలు. మేడమ్ హనుమక్క గిన్నెలోంచి చిటికెడు నోట్లో వేసుకుని, నాలుగుకు నాలుగు వేశారు.

ఇక పంచడం. హనుమక్క చేతులు తడిచేసుకుని, చకచకా ఆరు ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టింది. మేడమ్ ఒక్కొక్కటే తక్కెడలో తూచి బోర్డు మీద రాశారు. నాలుగు వందల యాభై గ్రాములు. నాలుగు వందలు. మూడు వందల యాభై. రెండు వందల యాభై. రెండు వందలు. నూట యాభై.

క్లాసంతా గొల్లుమంది.

"సమానంగా చెయ్యమన్నానమ్మా. ఇదేంటి, మెట్లు కట్టావు?"

హనుమక్క పళ్ళెం వంక చూసింది. ఆమెకు నిజంగానే తప్పెక్కడుందో తెలియలేదు. "సరిగానే ఉండాయి కద మేడమ్. ఇది మా నాయనది. ఇవి రెండూ మా అన్నలవి. ఇది మా అవ్వది. ఇది అమ్మది. ఈ చిన్నది నాది."

నవ్వులు కొంచెం తగ్గాయి.

"మీ నాయన ఏం చేస్తారు?"

"కూలికి పోతాడు."

"మీ అమ్మ?"

"ఆమె గూడా పోతాది. ముందు లేసి నీళ్ళు తెస్తాది, కట్టెలు తెస్తాది, మళ్ళా కలుపుకు పోతాది."

"అంటే ఎక్కువ పని చేసేవాళ్ళకు తక్కువ ముద్దా?"

"అమ్మకు గిన్నెకు అంటుకున్న మాడు గూడా ఉంటాది మేడమ్," అంది హనుమక్క, అమ్మకు అన్యాయం జరగలేదని నిరూపిస్తున్నట్టు.

కదిరమ్మ ఊరుకోలేదు. "నవ్వబాకండే! మా ఇంట్లో మాత్రం ఏముండాది? అంత వ్యాపారం, అన్ని మగ్గాలు. మగోళ్ళు లేసినాంక మాకు మిగిలేది చారు నీళ్ళే."

మేడమ్ సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ, "మా ఇంట్లో చేప నడిముక్కలు మా అన్నయ్యలవి. నాకు తోక," అన్నారు. ఇంకెవరూ నవ్వలేదు. కరువు వచ్చిన ఏడాది ప్రభుత్వం తిండి కొలిచి ఇస్తుంది. కరువు లేని ఏడాది కూడా ఆడవాళ్ళకు కొలిచి పెట్టే ఇళ్ళను మాత్రం ఏ ఆఫీసరూ తనిఖీ చేయడు.

"మార్కులు పోతాయని భయపడకు. మళ్ళీ చెయ్యి. తక్కెడ ముట్టుకోకూడదు," అన్నారు మేడమ్.

హనుమక్క ముద్దలన్నీ కలిపేసి మళ్ళీ చేసింది. మళ్ళీ మెట్లే. ఇంకోసారి చేసింది. మొదటి రెండూ సరిపోయాయి, అయిదో దానికొచ్చేసరికి చెయ్యి దానంతటదే చిక్కిపోయింది. హాస్టల్ గదిలో మంచం కింద ఉన్న రేకుపెట్టె కళ్ళముందు కదిలింది.

"ఏయ్, అమ్మకూ అవ్వకూ అనుకోవద్దు," కదిరమ్మ గుసగుసలాడింది. "ఆరూ మీ నాయనకే అనుకోమే."

హనుమక్క కళ్ళు మూసుకుంది. నాయనకు. నాయనకు. నాయనకు. ఆరుసార్లు. మేడమ్ తూచారు. మూడు వందలకు పది అటూ ఇటూ. మూడుకు మూడు మార్కులు.

మొత్తం ఏడు. ఇంకొక్కటి కావాలి.

మేడమ్ ఒక ముద్దను పళ్ళెంలో పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసి ఇచ్చారు. అయితే హనుమక్క చెయ్యి ముందుకు రాలేదు.

"ఇది మా నాయన ముద్ద మేడమ్. నేనెట్ల తినేది? సగం తింటా. ఆడోళ్ళ కడుపు సన్నది కద."

"ఎవరు కొలిచారు?"

హనుమక్క పళ్ళెం అందుకుంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొదటి సగం ఎప్పుడూ తినేదే, ఇట్టే అయిపోయింది. అక్కడ అలవాటుగా చెయ్యి కడగబోయి ఆగింది. ఇంకో ముక్క తుంచింది. ఇంకోటి. చివరికి పళ్ళెంలో ఊరిబిండి కూడా మిగల్లేదు.

"యబ్బా! యాడ పట్టిందే అంత?" అంది కదిరమ్మ.

రికార్డులో ఆఖరి గడి: వాటా సరిపోయిందా? హనుమక్క రాసింది: 'చాల్లేదు.'

మేడమ్ మూడు మార్కులు వేసి, ఆ మాట దగ్గర ఆగిపోయారు. "మూడు వందల గ్రాములు తిన్నావు. ఇంకా ఎంతైతే చాలుతుంది?"

"నాకేం తెలుసు మేడమ్?" అంది హనుమక్క. "ఆడిదాకా ఎప్పుడూ పోల్యా."