నిసార్ భాయ్ వెనక రెండో బండి

నిసార్ భాయ్ పోయాక మా బుల్లెట్ గ్రూపులో అందరూ ఆయన గురించి రాశారు. తండ్రి లాంటివాడనీ, విశాఖ రోడ్లకు రాజనీ రాశారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, అదే వరస. నన్నూ రాయమన్నారు. ఇరవై రెండేళ్ళు ఆయన వెనక రెండో బండి నాదే, దేవకుమార్ రాయకపోతే ఏం బాగుంటుందన్నారు. ఇదిగో రాస్తున్నాను. గ్రూపులో మాత్రం పెట్టను.

వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వెనక సందులో ఆయనకు బుల్లెట్లు బాగుచేసే షెడ్డు ఉండేది. పొట్టి మనిషి. బండెక్కితే కాళ్ళు నేలకు అందీ అందనట్టు ఉండేవి. నోరు మాత్రం మంచిది కాదు. బండి మురికిగా తెస్తే, "ఇది బండేటి, సేపల బుట్టేటి? కడిగి తే" అని తిప్పి పంపేవాడు. స్టీల్‌ప్లాంట్‌లో చేరిన కొత్తలో పాత బుల్లెట్ ఒకటి కొని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు రోజులు నాచేతే విప్పించి, నాచేతే బిగింపించాడు. "రోడ్డు మీద ఆగిపోతే నాను రాను, నీ సెయ్యే నీకు దిక్కు" అన్నాడు. ఆ నెలలోనే అనకాపల్లి దగ్గర ఆగిపోయాను. ఫోన్ చేస్తే వానలో తిట్టుకుంటూ వచ్చాడు. బాగుచేసి, మళ్ళీ తిట్టుకుంటూ వెళ్ళాడు.

ప్రతి ఆదివారం తెల్లారగానే ఆనందపురం దాకా వెళ్ళి, పూల మార్కెట్ దగ్గర టీ తాగి తిరిగొచ్చేవాళ్ళం. తొమ్మిదింటికి నాకు చర్చిలో ఆరాధన ఉంటుందని, ఎనిమిదిన్నరకల్లా ఊళ్ళో ఉండాలని ఆయనే గడువు పెట్టాడు. మరో రెండు నియమాలు కూడా ఆయన పెట్టినవే. ముందున్న బండిని ఎవరూ దాటకూడదు, దానికి ఎవరూ హారన్ కొట్టకూడదు. గుంత ఎడమవైపు ఉంటే ముందున్నవాడు ఎడమకాలు చాపుతాడు, కుడివైపు ఉంటే కుడికాలు. వెనకవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అలాగే చాపాలి. నలభై బండ్ల చివర ఉన్నవాడికి కూడా గుంత సంగతి అలా అందేది. ముందు బండి ఎప్పుడూ ఆయనదే.

డెబ్బయ్యేళ్ళు దాటాక ఆయన, అక్కడ లేని గుంతలకు కూడా కాలు చాపడం మొదలుపెట్టాడు. హనుమంతవాక దాటాక ఒకటి, కొమ్మాదిలో రెండు. ఎప్పుడో పూడ్చేసిన గుంతలవి. రోడ్డును జ్ఞాపకం మీద నడుపుతున్నాడని నాకు తెలిసిపోయింది. కొత్త గుంతల్లో దడదడమని దిగిపోయేవాడు. మేం ఆయన మీద గౌరవంతో లేని గుంతలకూ కాళ్ళు చాపేవాళ్ళం. ఉన్నవాటికి చాపేవాళ్ళం కాదు, ఆయన చాపలేదు కదా. నా వెనక మూడో బండి ఎల్లాజీది. రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం. టీ కొట్టు దగ్గర ఆయన అటు తిరగగానే నవ్వేవాడు. "ఈవేళ తాత తొమ్మిది గుంతలు పుట్టించేడు బావా" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అందరికన్నా గట్టిగా నేనే నవ్వేవాణ్ణేమో.

ఒక సాయంత్రం షెడ్డు పైనున్న వాళ్ళింటికి వెళ్తే, గులాబ్ బీ నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. భాయ్ భార్య ఆవిడ. గొంతు తగ్గించి చెప్పింది.

"కంటి నరం ఎండిపోతంది అన్నాడు బాబూ డాక్టరు. ఎదురుగున్నది కనపడతాదట, కిందా పక్కనా కనపడదట. బండాపీమంటే నా మీద లేత్తన్నాడు. నువ్వు సెప్పు. నీ మాటైతే ఇంటాడు."

"సెప్తానమ్మా" అన్నాను.

చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఆవిడ అడిగితే, "సెప్పేనమ్మా, కోప్పడిపోయేడు" అన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, ఆయన దిగిపోతే ముందుకు వచ్చే బండి నాది. నేను చెబితే, ముసలాయన్ని దింపి తను ఎక్కాడంటారు. అలా అనిపించుకోవడం నాకిష్టం లేదు. ఎక్కడం మాత్రం ఇష్టమే. ఆయనంటే నాకు ప్రాణం, అందులో అబద్ధం లేదు. ఆయన ఎప్పుడు ఆపేస్తాడా అని ఆదివారం ఆదివారం ఎదురుచూశాను, అందులోనూ అబద్ధం లేదు.

మే నెల రెండో ఆదివారం. మధురవాడ దాటాం. ఎవరో పైపుల కోసం రోడ్డు ఎడమవైపు తవ్వి వదిలేశారు. కర్రకు కట్టిన ఎర్రగుడ్డ ఒకటే గుర్తు. అది నాకు చాలా దూరం నుంచే కనిపించింది. భాయ్ నేరుగా దానిమీదికే పోతున్నాడు. నలభై స్పీడు మీద ఉన్నాం, అంతే. పక్కకు వెళ్ళి ఒక్క కేక వేస్తే చాలు. దాటకూడదన్న నియమం గుర్తొచ్చిందని పోలీసుకు చెప్పాను. అది నిజం కాదు. నాకు గుర్తొచ్చింది వేరే. ఒకసారి పడితే తనే ఆపేస్తాడు, పెద్దగా ఏం కాదు, పాము చావకుండా కర్ర విరగకుండా అయిపోతుంది అనుకున్నాను. అనుకుని బ్రేకు వేశాను. చెయ్యెత్తి వెనకవాళ్ళందర్నీ ఆపాను. ముందున్న మనిషిని మాత్రం వెళ్ళనిచ్చాను.

గోతిలో పడి భాయ్ తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో మూడో రోజు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఆ గొంతులో తిట్టేంత బలం లేదు.

"దేవా, నువ్వు ఎనకాలే ఉన్నావు కదా. ఆ గొయ్యి నీ కంటికి ఆనిందా?"

"లేదు భాయ్. ఎండ కళ్ళల్లో పడింది. నాకూ ఆనలేదు."

ఆయన మొహం విప్పారింది. నేను మంచిపనే చేశాననుకున్నాను. పదమూడో రోజున ఊపిరితిత్తులకు నిమ్ము చేరి చనిపోయాడు.

నలభయ్యో రోజు ఆయన పేరున చదివే ఫాతెహాకు గ్రూపంతా బండ్ల మీద వెళ్ళాం. ఈసారి ముందు నడిచింది నేను. ఎవరూ నన్ను దాటలేదు. సందులో బండ్లన్నీ వరసగా పెట్టించి నేను పైకి వెళ్ళేసరికి, ఎల్లాజీ నాకన్నా ముందే గులాబ్ బీ దగ్గర కూర్చుని మాట్లాడి వస్తున్నాడు. నన్ను చూసి భుజం తట్టి కిందకు దిగాడు. ఆవిడ నన్ను కూర్చోమంది. నీళ్ళు ఇచ్చింది.

"ఆస్పత్రిలో ఆయన్ని అడిగేను బాబూ. దేవా సెప్పినప్పుడైనా ఇనుంటే బాగుణ్ణు కదా అన్నాను. దేవా నాకేటీ సెప్పలేదే అన్నాడు. జొరంలో అంటన్నాడనుకున్నాను."

నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"గొయ్యి నీక్కూడా ఆనలేదని ఎంత సంబరపడిపోయేడో. దేవా కళ్ళకే ఆనకపోతే నా కళ్ళదేటి తప్పు, లెగిసి మళ్ళీ బండెక్కుతాను అన్నాడు. అదే మాట అంటానే పోయేడు."

"అమ్మా..."

"ఎల్లాజీ ఇప్పుడు నిన్ను తెగ మెచ్చుకున్నాడు. దూరం నుంచే సెయ్యెత్తి అందర్నీ ఆపేవట. దేవా ఆపకపోతే ఇంకో పదిమంది పడిపోదురమ్మా అన్నాడు." ఆవిడ గొంతు పెంచలేదు. నా మొహంలోకే చూస్తోంది. "గొయ్యి ఆననోడివి అందర్నీ ఎలాగాపేవు బాబూ?"

అవతలి గదిలో ఫాతెహా చదవడం అయిపోయింది, వచ్చినవాళ్ళు లేస్తున్నారు. ఆవిడ కూడా లేచి కొంగు సర్దుకుంది.

"అన్నాలు పెడతన్నారు. ఆయన పేరు మీద వండింది. తినకుండా ఎల్లకూడదు."

వెళ్ళి చాప మీద కూర్చున్నాను. నాకు ఆవిడే వడ్డించింది. తిన్నాను.